ఉప్పునీట బతికి, వాననీట కుళ్లే పడవ

2017లో లియో శాంప్సన్ గూల్డెన్ అనే ఇంగ్లండ్ యువకుడు ఒక్క పౌండు ఇచ్చి ఒక తెరచాప పడవ కొన్నాడు. దాని పేరు టాలీ హో. పొడవు 47 అడుగులు. ఆల్బర్ట్ స్ట్రేంజ్ గీసిన నమూనాతో 1910లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని షోరెహామ్‌లో కట్టారు. 1927లో జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 15 పడవలు బయల్దేరితే, గాలివానకు తట్టుకుని చివరిదాకా వెళ్లినవి రెండే. ఆ రెండింటిలో టాలీ హో ఒకటి. గెలుపూ దానిదే. అంతటి పడవ తొంభై ఏళ్ల తర్వాత అమెరికాలోని ఒరెగాన్ తీరంలో, బ్రూకింగ్స్ అనే చిన్న రేవులో దిక్కులేకుండా పడి ఉంది. స్ట్రేంజ్ పడవలంటే ప్రాణంపెట్టేవాళ్ల సంఘం అడ్డుపడకపోతే దాన్ని ముక్కలు చేసి పారేసేవాళ్లే.

లియో దగ్గర డబ్బు లేదు, పనితనం ఉంది. అతను ఓడ వడ్రంగి. పడవను వాషింగ్టన్ రాష్ట్రానికి తరలించి, దాని మీద ఒక షెడ్డు వేసి, పని మొదలుపెట్టాడు. చేస్తున్న ప్రతి పనినీ వీడియో తీసి చూపించాడు. చూసినవాళ్లు తలా కొంత పంపారు. వెన్నుదూలం మారింది, పక్కటెముకలు మారాయి, పలకలు మారాయి. 2024లో అదే రాష్ట్రంలోని పోర్ట్ టౌన్సెండ్‌లో టాలీ హో మళ్లీ నీళ్లలోకి దిగింది. కొన్నది ఒక్క పౌండుకు, పట్టింది ఏడేళ్లు. పాత పడవ విషయంలో కొనుగోలు ధర అసలు ధర కాదు, రాబోయే పనికి ఇచ్చిన బయానా మాత్రమే.

అందరికీ ఏడేళ్లూ ఉండవు, వేలమంది ఆదరణా దొరకదు. తెరచాప, దాన్ని మోసే కొయ్య, తాళ్లు తీసేశాక మిగిలే పడవ ఒళ్లును తక్కువ ఖర్చుతో నిలబెట్టాలనుకునేవాళ్లకు ముందు కావలసింది ఒక్కటే. పడవను నిజంగా తినేదేమిటో తెలియాలి. సముద్రమే తింటుందని చాలామంది అనుకుంటారు. చెక్క పడవ మటుకు, సముద్రం మీద బతికినంత కాలం వాన కింద బతకదు.

ఆవకాయ జాడీ చెప్పే పాఠం

మన ఇళ్లలో ఆవకాయ జాడీ దగ్గర ఒక కట్టుబాటు ఉంటుంది. తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె ముంచకూడదు. ఏడాదిపాటు చెక్కుచెదరని పచ్చడి, తడి తగిలిన చోట నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. ఉప్పు బూజు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది కాబట్టి అది పెరగలేదు. నీళ్లు కలిసి ఉప్పు పలచబడిందంటే బూజుకు దారి దొరికినట్టే.

కర్రను కుళ్లబెట్టేదీ ఆ బూజు జాతిదే, అంటే శిలీంధ్రాలే. వాటికి నాలుగు కావాలి: తిండి, గాలి, వెచ్చదనం, తేమ. తిండి కర్రలోనే ఉంది. గాలి, వెచ్చదనం మన చేతిలో ఉండవు. మన చేతిలో ఉండేది తేమ ఒక్కటే. పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోల్చి చూస్తే, అందులో నీరు 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు మొదలవదు. దాదాపు 30 శాతం దగ్గర కర్ర కణాల గోడలు నీటితో నిండిపోతాయి. అక్కడి నుంచి శిలీంధ్రానికి పండుగే.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిలో నానిన పలకను శిలీంధ్రం అంత సులువుగా పట్టలేదు. పైగా మునిగి ఉన్న కర్రలోకి గాలి చొరబడదు. వాననీటిలో ఉప్పు ఉండదు. అది డెక్కు సందుల్లోంచి, మేకుల రంధ్రాల్లోంచి, కొయ్య దిగే చోటి నుంచి లోపలికి జారి, పక్కటెముక తల మీదో, పలక చివర మీదో నిలుస్తుంది. గాలి ఆడని ఆ చీకటి మూలలో ఎన్నాళ్లకీ ఆరదు. అందుకే పాత పడవల్లో నీటి కింది పలకలు గట్టిగా ఉండి, నీటి పైభాగం మెత్తబడి కనిపించడం మామూలు.

పాతకాలపు పడవ కట్టేవాళ్లకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. అమెరికా ఈశాన్య తీరంలో పెద్ద ఓడల పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు నింపేవారు. పైనుంచి కారిన వాననీరు ఆ ఉప్పులోంచి దిగి, ఉప్పునీరై కర్రను తడిపేది. ఊరగాయ పెట్టే చేతికీ ఓడ కట్టే చేతికీ తెలిసిన రహస్యం ఒకటే.

కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు పాత పడవకు మొదట కొనవలసింది రంగు కాదు, టార్పాలిన్. అదీ పడవకు అంటుకునేట్టు కప్పకూడదు. మధ్యలో ఒక దూలం ఎత్తి, పూరిపాక కప్పులా రెండు వైపులా వాలుగా దించి, ముందూ వెనకా తెరిచి వదలాలి. లోపలి అడుగు చెక్కలు ఎత్తి, గూళ్ల తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. గాలి రాకుండా బిగించిన టార్పాలిన్ కింద పడవ తన తేమలో తానే ఉడుకుతుంది.

మునివేలితో కొట్టి చూడటం

సంతలో కుండ కొనేటప్పుడు మునివేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీట ఉంది. పాత పడవను పరీక్షించేదీ అలాగే. ఒక చిన్న సుత్తి, ఒక సన్నటి మొన ఉన్న దబ్బనం, వీలైతే ఒక తేమ కొలిచే మీటరు. ఈ మూడింటితో రెండు రోజులు ఓపికగా తిరిగితే పడవ తన జబ్బంతా తానే చెబుతుంది.

గట్టి పలక మీద సుత్తి తేలిగ్గా ఎగిరి వస్తుంది, గణగణమంటుంది. కుళ్లిన చోట దెబ్బ కర్రలోకి ఇంకిపోతుంది. అక్కడ దబ్బనం గుచ్చి, మొనను పక్కకు వంచి పైకి లేపాలి. మంచి కర్ర పొడుగాటి పీచుగా లేస్తుంది, చిటచిటమని తెగుతుంది. కుళ్లిన కర్ర చప్పుడు లేకుండా పెళుసుగా, పొట్టిగా విరుగుతుంది. కంటికి రంగు మారకముందే ఈ తేడా తెలుస్తుంది.

దీనికి కారణం కుళ్లు పనిచేసే తీరులో ఉంది. కర్రలో సెల్యులోజు ఊచల్లాంటిది, లిగ్నిన్ ఆ ఊచల చుట్టూ పోసిన సిమెంటులాంటిది. గోధుమ రంగు కుళ్లు తెచ్చే శిలీంధ్రం సెల్యులోజును తెగ్గొట్టి తిని, లిగ్నిన్‌ను వదిలేస్తుంది. ఊచలు తెగిపోయి సిమెంటు మాత్రం నిలబడి ఉన్న గోడలాంటిది ఆ కర్ర. బరువులో పదో వంతు తగ్గకముందే దెబ్బను తట్టుకునే శక్తిలో సగానికి పైగా పోతుంది. పైపైన రంగు వేసి ఉన్న పలక చూపులకు నిక్షేపంగానే ఉంటుంది.

ఎక్కడ వెతకాలో కూడా వాననీరే చెబుతుంది. డెక్కు అంచు కింద, వెనక చెక్క మూలల్లో, కొయ్య పాదం దగ్గర, తాళ్లను పట్టే ఇనుప బద్దీలు పలకల్లోంచి దూరే చోట, ముందు కొమ్ము పైభాగంలో, ప్రతి పక్కటెముక తలలోనూ. నీరు ఎక్కడ దిగి ఎక్కడ ఆగుతుందో ఒక బొమ్మ గీసుకుని, ఆ బొమ్మ మీదే ఎర్ర సుద్దతో గుర్తులు పెట్టుకుంటే అదే మరమ్మతు పట్టిక అవుతుంది.

ఒక రాగి రేకు, ఒక గోధుమ కాగితం

కర్ర తర్వాత చూడవలసింది దాన్ని పట్టి ఉంచే మేకులు, బోల్టులు. ఇక్కడ రసాయన శాస్త్రం తెలియక చేసిన ఆదా చాలా ఖరీదు పడుతుంది. ఆ పాఠం నేర్పిన పడవ ఒకటి చరిత్రలో ఉంది.

వెచ్చని సముద్రాల్లో చెక్క ఓడలకు పెద్ద శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగే గానీ నిజానికి అది ఆల్చిప్పల బంధువు. కంటికి ఆనని పిల్లగా ఉన్నప్పుడు సూదిమొనంత రంధ్రం చేసి కర్రలోకి దూరుతుంది. లోపలే పెరుగుతూ, తలకు ఉన్న రెండు చిన్న చిప్పలతో కర్రను గీరుకుంటూ, సొరంగం గోడలకు సున్నం పూసుకుంటూ పోతుంది. బయటి నుంచి చూస్తే చిన్న చిన్న చుక్కలు, లోపల తేనెపట్టు. కొలంబస్ నాలుగో యాత్రలో ఈ పురుగు తొలిచేసిన ఓడలతో ముందుకు పోలేక 1503లో జమైకా తీరంలో చిక్కుబడి, ఏడాదిపాటు అక్కడే గడిపాడు. ఓడపురుగుకు ఉప్పు కావాలి. ఉప్పు పలచగా ఉండే బాల్టిక్ సముద్రంలో ఇది బతకలేదు. స్టాక్‌హోమ్ రేవులో 1628లో మునిగిన వాసా ఓడ 1961లో పైకి తీసేదాకా 333 ఏళ్లు నిలిచి ఉండటానికి అదొక ముఖ్య కారణం.

ఈ పురుగును ఆపడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారమ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగింది. పురుగు ఆగింది. కానీ రెండేళ్ల తర్వాత విప్పి చూస్తే రాగిని తాకిన ఇనుప మేకులు తినేసినట్టు అయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. ఎందుకని చూస్తే, రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమ రంగు కాగితం ముక్కలు అక్కడ చిక్కుకుపోయి, రాగికీ ఇనుముకీ మధ్య అడ్డుగా నిలిచాయి.

ఉప్పునీటిలో తడిసిన రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకితే అది బ్యాటరీ అవుతుంది. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునే లోహం కరిగిపోతూ రెండో దాన్ని కాపాడుతుంది. ఇనుము, రాగి కలిస్తే కరిగేది ఇనుము. 1824లో హంఫ్రీ డేవీ ఈ సూత్రాన్నే తిప్పి వాడాడు. కాపాడవలసిన లోహానికి, తనకు తానే కరిగిపోయే మరో లోహపు ముక్కను జతచేస్తే చాలని చూపించాడు. ఈనాటికీ పడవల అడుగున బిగించే జింకు దిమ్మ చేసేది ఆ పనే.

పాత పడవకు మరమ్మతు చేసేవాళ్లకు దీన్నుంచి వచ్చే నియమం చిన్నది. నీటి కింద ఒకే జాతి లోహం వాడాలి. కంచు బోల్టులున్న చోట ఇనుప మేకు కొట్టడం, దొరికిందని స్టెయిన్‌లెస్ స్టీలు మర బిగించడం రెండూ తప్పే. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు గాలిలోని ఆక్సిజన్ వల్ల నిలుస్తుంది. తడి కర్ర లోతుల్లో ఆక్సిజన్ అందక అది సందుల్లోంచి గుంటలుపడి తెగుతుంది. పలక చుట్టూ నల్లటి మరకలు కనిపిస్తే లోపలి ఇనుము తుప్పుపట్టి కర్రను కూడా పాడుచేస్తోందని అర్థం. టాలీ హోకు కొత్త బోల్టులు కంచువి వేశారు. ఖర్చే, కానీ మళ్లీ విప్పే పని ఉండదు.

మూడు మిల్లీమీటర్ల కథ

పాత పడవ కొన్నవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది పలకల సందుల దగ్గర. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న పడవ పలకల మధ్య వేలుగోరు దూరేంత సందులు పడతాయి. వెంటనే ఎపాక్సీ ముద్దతోనో సిమెంటుతోనో గట్టిగా పూడ్చాలనిపిస్తుంది. చేయకూడనిది అదే.

కర్ర పొడుగు వైపు దాదాపు మారదు. అడ్డంగా మాత్రం నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. కదలిక తక్కువని పేరున్న టేకు కూడా పచ్చిదశ నుంచి పూర్తిగా ఎండేసరికి, కోసిన తీరును బట్టి, అడ్డంగా దాదాపు 6 శాతం ముడుచుకోగలదు. లెక్కవేస్తే, 150 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకలో తేమ 24 శాతం నుంచి 14కు పడితే సుమారు 3 మిల్లీమీటర్ల సందు తెరుచుకుంటుంది. అదే పలక నీళ్లలోకి దిగితే ఆ 3 మిల్లీమీటర్లూ మళ్లీ పెరుగుతుంది. సందులో మెత్తటి దూది ఉంటే అది నలిగి బిరడాలా బిగుస్తుంది. రాయిలాంటి ఎపాక్సీ ఉంటే ఉబ్బే పలకకు చోటు లేదు. ఒక్కో పలకా పక్కదాన్ని నెడుతుంది. ఆ ఒత్తిడికి మేకులు ఊడివస్తాయి, పక్కటెముకలు విరుగుతాయి. నీరు కారకూడదని చేసిన పనే పడవను చీలుస్తుంది.

అందుకే పాతవాళ్లు సందును లోపల ఇరుకుగా, బయట వెడల్పుగా కోసేవారు. చిన్న పడవకైతే నూలు పేట, పెద్ద ఓడకైతే తారు పట్టించిన జనపనార లాంటి పీచు. పీచును వంపులు వంపులుగా సందు మీద పరచి, మొద్దు ఉలితో, చెక్క సుత్తితో లోపలికి దించుకుంటూ పోతారు. ఉలి కింద పీచు బిగుస్తున్న కొద్దీ సుత్తి దెబ్బ శబ్దం మారుతుంది. మొదట మెత్తగా, తర్వాత గట్టిగా, చివరికి ఖంగుమని. ఆ చివరి శబ్దం దగ్గర ఆగాలి. ఇంకా కొడితే పీచు లోపలి అంచు దాటి పడవలోకి వెళ్లిపోతుంది. పైన ఎండినా కొంత మెత్తదనం ఉండే లప్పం పూస్తారు. మన తీరాల్లో గుగ్గిలాన్ని నూనెలో కాచి పూసే పద్ధతి తరతరాలది. గుగ్గిలం చెట్టు జిగురు నీటిని ఆపుతుంది, నూనె దాన్ని పెళుసెక్కకుండా ఉంచుతుంది.

ఇక ఓపిక. కొత్తగా నీళ్లలో దించిన పడవ మొదటి రోజుల్లో కారడం సహజం. దించడానికి ముందే లోపల తడి గోనెసంచులు పరచి పలకలకు తేమ పట్టించడం మంచి అలవాటు. కానీ ఆ గోనెలను తడిపేది సముద్రపు నీటితోనే. జాడీ నియమం ఇక్కడా మారదు.

చౌకగా దొరికే మంచి, చౌకగా కనిపించే చెడు

కొన్ని మంచి పనులకు ఖర్చు చాలా తక్కువ. కంసాలి దగ్గర ఉండే వెలిగారం, అంటే బోరాక్స్, బోరాన్ లవణాల్లో ఒకటి. ఆ లవణాలు శిలీంధ్రాలకూ పురుగులకూ విషం. వాటి ద్రావణం తడి కర్రలో తేమను పట్టుకుని లోతుకు దిగుతుంది. నీటిలో కరిగే గుణం వల్ల పడవ బయటి వైపు నిలవదు గానీ, లోపలి మూలలకూ పక్కటెముకల తలలకూ బాగా పనికొస్తుంది.

విరిగిన పక్కటెముక మార్చాలంటే ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ప్లైవుడ్డుతో చేసిన పొడుగాటి పెట్టె, నీళ్లు మరిగించే డబ్బా, ఒక గొట్టం చాలు. తడి వేడికి లిగ్నిన్ మెత్తబడి, ఓక్ లాంటి కర్ర బెత్తంలా వంగుతుంది. 25 మిల్లీమీటర్ల మందానికి గంట ఆవిరి అన్నది వడ్రంగుల లెక్క. పెట్టెలోంచి తీసిన క్షణం నుంచి నిమిషం తిరక్కుండా దాన్ని వంచి బిగించాలి. చల్లారిందా, ఆ వంపులోనే ఉండిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. అన్ని పక్కటెముకలూ ఒకేసారి విప్పకూడదు. ముందు పడవను అడుగున, పక్కల సమానంగా దిమ్మలతో నిలబెట్టి, ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ పోతే ఒంటి ఆకారం చెడదు. ఆకారం చెడిన పడవకు కొత్త కర్ర వేసి లాభం లేదు.

చౌకగా కనిపించే చెడ్డ పనులూ ఉన్నాయి. మెత్తబడిన కర్రలోకి పలచటి ఎపాక్సీ ఎక్కిస్తే కుళ్లు గట్టిపడుతుంది గానీ తెగిపోయిన ఊచలు అతకవు. బలం మోసే చోట దాన్ని కోసి తీసేయడమే మందు. పలకల పడవ మొత్తానికి బయట ఫైబర్‌గ్లాసు తొడుగు వేయడం మరో ఆశ. పలక కదులుతూనే ఉంటుంది, తొడుగు కదలదు. అతుకు ఊడుతుంది, లోపలి వైపు నుంచి చేరిన తేమ తొడుగు వెనక చిక్కుకుంటుంది. బయట నున్నగా మెరుస్తూ లోపల కుళ్లే పడవ అలా తయారవుతుంది. ఇంకొక జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు. తడిపి గీకాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

కోరంగి నుంచి ఫైబర్ పడవ దాకా

ఈ విద్య మనకు పరాయిది కాదు. గోదావరి సాగరంలో కలిసే చోట కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, మరమ్మతు చేసే రేవు. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల వల్ల బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరే స్థిరపడింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఆ రేవును ముంచేసింది. ఆ పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే చేతులు మాత్రం ఆ తర్వాతా ఆగలేదు. మన జాలరులు వేట నుంచి రాగానే తెప్పను ఒడ్డుకు లాగి, దుంగల కట్లు విప్పి ఆరబెట్టడం కూడా ఈ శాస్త్రమే. నీటిలో బతికే ఓడపురుగుకు ఎండ పడదు.

ఇప్పుడు మన తీరం మీద ఎక్కువగా కనిపించేవి ఫైబర్ పడవలు. వాటికి కుళ్లు ఉండదనుకుంటాం. ఫైబర్ కుళ్లదు నిజమే, కానీ నీరు అక్కడా ఊరుకోదు. పైన నున్నగా ఉండే జెల్‌కోట్ పొరలోంచి నీటి అణువులు మెల్లగా దూరుతాయి. లోపల సరిగా గట్టిపడని రసాయనాలను కరిగించి చిక్కటి ద్రావణం చేస్తాయి. ఆ చిక్కదనం ఆస్మాసిస్ వల్ల మరింత నీటిని లాగుతుంది. ఒత్తిడి పెరిగి ఒంటి మీద పొక్కులు లేస్తాయి. పొక్కు చిదిమితే పులుపు వాసన. దాని వైద్యం కూడా చౌకదే గానీ తొందరది కాదు. పొక్కు తెరిచి, ఆ పులుపు పోయేదాకా మంచినీటితో మళ్లీ మళ్లీ కడిగి, పూర్తిగా ఆరాకే ఎపాక్సీ పూయాలి. ఇక ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డు ఉన్న వెనక చెక్కలో, సీలు వేయని ఒక్క మర రంధ్రం చాలు. ఆ దారిన దిగిన వాన అక్కడి చెక్కను ఎవరికీ కనిపించకుండా తినేస్తుంది.

డబ్బు తక్కువున్నప్పుడు ఖర్చు వరస అన్నిటికన్నా ముఖ్యం. ముందు వాన ఆపడం, ఆపై పరీక్ష, ఆపై వెన్నుదూలం, పక్కటెముకలు, బోల్టులు, ఆపై పలకలు, సందులు, అన్నిటికన్నా చివర రంగు. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, రంగు దగ్గర మొదలుపెట్టి, పక్కటెముకల దగ్గర డబ్బైపోయి ఆగిపోతారు. అలా ఆగిన పడవలు రేవుల పక్కన ఎన్నో కనిపిస్తాయి.

నా దృష్టిలో పాత పడవను కాపాడాలనుకునేవాళ్లు మొదటి పని వానాకాలంలో చేయాలి. జోరుగా కురుస్తున్నప్పుడు ఒక టార్చిలైటు పట్టుకుని పడవ లోపలికి దిగి, ఒక గంట కదలకుండా కూర్చోవాలి. ఏ సందులోంచి మొదటి చుక్క పడుతుందో, అది ఏ దూలం మీదుగా జారి ఎక్కడ ఆగుతుందో చూడాలి. పైసా ఖర్చు లేని ఆ గంటలో, తడి గరిటె ఏదో దొరికిపోతుంది.